జ్ఞాపకశక్తికి కాల్షియం బిళ్ళలని రాసిన పేరా గురించి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పరీక్షలు రాసే పిల్లల కోసం ఒక వ్యాసం వేశారు, చదివింది గుర్తుండాలంటే ఏం తినాలి, ఎంతసేపు పడుకోవాలి అని. నిద్ర గురించి రాసింది, పొద్దున్నే టిఫిన్ మానెయ్యొద్దని రాసింది అంతా బానే ఉంది, మా స్టూడెంట్స్‌కి నేను కూడా అదే చెప్తుంటాను. కానీ మధ్యలో ఒక పేరా ఉంది, మెదడు కణాలు నేర్చుకోడానికి కాల్షియమే కీలకమని సైంటిస్టులు తేల్చారు కాబట్టి పరీక్షల ముందు నుంచి కాల్షియం బిళ్ళలు వేసుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుంది అని, ఈ ఉత్తరం దాని గురించే. ఆ వాక్యంలో మొదటి సగం నిజం, చాలా గొప్ప నిజం, దాని వెనక ఎన్నో దేశాల ల్యాబుల్లో దశాబ్దాల పని ఉంది. రెండో సగం మాత్రం మొదటి సగంలోంచి రాదు. పైగా మొదటి సగాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటే రెండో సగం రాయాలనే అనిపించదు.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్తాను, ఫస్టియర్ పిల్లలకి ఈ చాప్టర్ చెప్పే రోజు కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను, అందుకే చదివి ఊరుకోలేకపోయాను. దానికి తోడు మా పక్క ఫ్లాట్ ఆవిడ సోమవారం పొద్దున్నే మీ పేపరూ ఒక బిళ్ళల డబ్బా పట్టుకొచ్చి "మేడం గారూ, మా అమ్మాయికి రోజుకి ఒకటి సరిపోతుందా, రెండెయ్యమంటారా" అని అడిగారు. డబ్బా తిప్పి చూస్తే లేబుల్ మీద కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు, అంటే అందులో అసలు కాల్షియం 500, దాంతో పాటు వైటమిన్ డీ3 250 యూనిట్లు. ఎముకల కోసం, గర్భిణుల కోసం, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం డాక్టర్లు రాసే మామూలు బిళ్ళే అది. డబ్బా మీద జ్ఞాపకశక్తి అన్న మాట ఎక్కడా లేదండి, ఆ మాట కలిపింది మన పేపరే.

ఆ బిళ్ళలో కాల్షియం ఎంత దూరం వెళ్తుందో ముందు చూద్దాం. పేగుల్లోంచి కొంత రక్తంలోకి వెళ్తుంది, మిగతాది బయటికి పోతుంది. రక్తంలో కాల్షియం డెసీలీటరుకి సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి, మెడలో థైరాయిడ్ వెనక ఉండే చిన్న చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు రాత్రీ పగలూ ఆ పని మీదే ఉంటాయి, కాస్త తగ్గితే ఎముకల్లోంచి తీయిస్తాయి, కాస్త పెరిగితే అవి వదిలే హార్మోన్ తగ్గిపోయి ఎక్కువైంది మూత్రంలో పోతుంది. మెదడు కణాల మధ్య ఉండే ద్రవంలో అయితే కాపలా ఇంకా గట్టిగా ఉంటుంది, రక్తంలో వచ్చే చిన్నాచితకా మార్పులు అక్కడికి చేరకుండా మెదడుకి వేరే అడ్డుగోడ ఉంది. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెండు బిళ్ళలు మింగినంత మాత్రాన న్యూరాన్ (మెదడు కణం) పక్కన కాల్షియం రెండింతలు అవ్వదు, అవ్వకూడదు కూడా.

ఇక న్యూరాన్ దగ్గరికి వద్దాం. కణం బయట కాల్షియం ఒక మిల్లీమోలార్ (ద్రవంలో ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) పైచిలుకు ఉంటే, కణం ఊరికే ఉన్నప్పుడు లోపల ఉండేది సుమారు వంద నానోమోలార్, అంటే లోపలికన్నా బయట పదివేల రెట్లు ఎక్కువ. గట్టుకి అవతల నిండు చెరువు, ఇవతల ఎండిన కాలవ, మధ్యలో మూసేసిన తూము, ఇదీ ప్రతి న్యూరాన్‌లో ప్రతి క్షణం ఉండే పరిస్థితి. లోపలికి వచ్చిన కాల్షియంని బయటికి తోసెయ్యడానికో, లేకపోతే కణం లోపలే ఉండే అరల్లో దాచెయ్యడానికో పంపులు నడుస్తూనే ఉంటాయి, దానికి బోలెడు శక్తి ఖర్చవుతుంది. ఎందుకింత ఖర్చు అంటే, లోపల దాదాపు ఏమీ లేనప్పుడే రవ్వంత వచ్చినా కణానికి తెలుస్తుంది. అక్కడ కాల్షియం చేసే పని కబురు చెప్పడం.

ఆ కబురు ఎంత చిన్న చోట నడుస్తుందో చెప్తాను, నాకు ఇష్టమైన లెక్క ఇది. న్యూరాన్ కొమ్మల మీద స్పైన్లని బుడిపెలు ఉంటాయి, ఇంకో న్యూరాన్ వచ్చి కలిసే చోటు, అంటే సినాప్స్, మామూలుగా ఆ బుడిపె మీదే ఉంటుంది. ఒక సాధారణ స్పైన్ ఘనపరిమాణం క్యూబిక్ మైక్రాన్‌లో పదో వంతు అనుకోండి. లోపల వంద నానోమోలార్ అనుకుని లెక్క కడితే, బోర్డు మీద పిల్లల చేతే కట్టిస్తాను ఇది, ఆ బుడిపెలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం అయాన్లు వచ్చేది ఆరు. క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు సున్నాలు ఎక్కడో తప్పాయనుకుని మళ్ళీ మొదలుపెడతారు. తప్పలేదు, ఆరే. సినాప్స్ బలంగా పనిచేసినప్పుడు అవి మిల్లీసెకండ్లలో పదుల్లోకి, వందల్లోకి వెళ్తాయి, సెకండు తిరిగేలోపు మళ్ళీ దాదాపు మొదటికొచ్చేస్తాయి. అంత చిన్న చోట అంత తక్కువసేపు ఉండే ఆ కొద్దిపాటి అయాన్లే ఆ సినాప్స్ బలపడాలా బలహీనపడాలా అన్నది నిర్ణయిస్తాయి. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఎక్కడ, ఇదెక్కడ చెప్పండి.

అవి లోపలికొచ్చే ముఖ్యమైన దారి పేరు ఎన్‌ఎండీఏ రిసెప్టర్. దీని తీరు చూస్తే ఎన్నేళ్ళు చెప్పినా నాకు ఆశ్చర్యం తగ్గదు. అవతలి న్యూరాన్ గ్లుటమేట్ అనే రసాయనం వదిలితే ఈ రిసెప్టర్ దాన్ని పట్టుకుని తెరుచుకుంటుంది, కానీ తెరుచుకున్నా మధ్యలో ఒక మెగ్నీషియం అయాన్ అడ్డంగా ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కాల్షియం దాదాపుగా రాదు. ఇవతలి న్యూరాన్ కూడా అదే సమయానికి విద్యుత్ పరంగా ఉత్తేజపడితేనే ఆ మెగ్నీషియం బయటికి పోతుంది, అప్పుడు కాల్షియం లోపలికి దూకుతుంది. ఈ మెగ్నీషియం సంగతి 1984లో పారిస్‌లో ఒక గ్రూపు, అమెరికాలో ఒక గ్రూపు విడివిడిగా బయటపెట్టాయి. అంటే అవతలి కణం మాట్లాడింది అన్నది ఒక షరతు, ఇవతలి కణం స్పందించింది అన్నది రెండో షరతు, రెండూ ఒకేసారి నెరవేరాయని కణానికి చెప్పేది కాల్షియం.

కలిసి పనిచేసే కణాల మధ్య బంధం గట్టిపడుతుందని కెనడా సైకాలజిస్టు డొనాల్డ్ హెబ్ 1949లోనే ఊహించాడు, అప్పటికి రుజువు లేదు. 1973లో ఓస్లోలో కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో టిమ్ బ్లిస్, టెర్యె లోమో, హిప్పోకాంపస్ అనే మెదడు భాగానికి వెళ్ళే నరాలని కాసేపు వేగంగా ఉత్తేజపరిస్తే ఆ తర్వాత గంటల తరబడి అక్కడి సినాప్సులు బలంగానే ఉంటాయని చూపించారు. 1983లో గ్యారీ లించ్ వాళ్ళు ఇవతలి కణం లోపలికి కాల్షియంని పట్టేసే రసాయనం ఎక్కించి అదే ప్రయోగం చేస్తే ఆ బలపడటం ఆగిపోయింది, కాల్షియం అవసరమని గట్టిగా తేలింది అక్కడ. 1986లో రిచర్డ్ మోరిస్ ఎలుకల మెదడులో ఎన్‌ఎండీఏ రిసెప్టర్లని మందుతో మూసేసి, మబ్బుగా చేసిన నీళ్ళ తొట్టిలో కనపడకుండా ముంచి పెట్టిన దిమ్మ ఎక్కడుందో వెతకమంటే అవి ఆ చోటు నేర్చుకోలేకపోయాయి. మీ వ్యాసకర్త కాల్షియం కీలకం అన్నది బహుశా ఇలాంటివి ఎక్కడో చదివే అయ్యుంటుంది, అంతవరకూ నేను ఒప్పుకుంటాను.

అసలు విషయం ఆ తర్వాత ఉంది, వ్యాసంలో రానిది కూడా అదే. కాల్షియం కావాలి అన్నదాంతో కథ అయిపోలేదు, అది ఎప్పుడు రావాలి, ఏది ముందు ఏది వెనక అన్నది వచ్చింది. 1983లో లెవీ, స్టీవార్డ్ అనే ఇద్దరు ఉత్తేజాల వరుస మారితే ఫలితం మారుతోందని గమనించారు. 1997లో జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో హెన్రీ మార్క్‌రామ్, బెర్ట్ సాక్‌మాన్ వాళ్ళు ఎలుక మెదడు ముక్కలో ఒకదానికొకటి కలిసున్న రెండు న్యూరాన్లని పట్టుకుని రెండిట్లోనూ సన్నటి గాజు ఎలక్ట్రోడ్లు పెట్టి, ఏది ఎప్పుడు ఫైర్ అవ్వాలో, అంటే విద్యుత్ తరంగం పుట్టించాలో, వాళ్ళే నిర్ణయించారు. పంపే కణం 10 మిల్లీసెకండ్ల ముందు, అందుకునే కణం తర్వాత ఫైర్ అయితే ఆ సినాప్స్ బలపడింది. అవే కణాలు, అన్నే సార్లు, కానీ అందుకునే కణం 10 మిల్లీసెకండ్లు ముందు ఫైర్ అయితే సినాప్స్ బలహీనపడింది. తేడాని 100 మిల్లీసెకండ్లు చేస్తే ఏమీ జరగలేదు. మరుసటి ఏడాది అమెరికాలో గువోచియాంగ్ బీ, ము-మింగ్ పూ పళ్ళెంలో పెంచిన ఎలుక హిప్పోకాంపస్ కణాల మీద రకరకాల తేడాలు పెట్టి చూసి మొత్తం గ్రాఫ్ గీశారు, సున్నాకి అటు ఇటు సుమారు 20 మిల్లీసెకండ్ల లోపే ఈ ఆట అంతా నడుస్తుంది, సున్నా దగ్గర గీత ఒక్కసారిగా పై నుంచి కిందకి పడిపోతుంది. ఆ గ్రాఫ్ బోర్డు మీద గీసి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉంటాను, పిల్లలు దాన్ని చూడాలని. కారణం ముందు, ఫలితం వెనక అన్న సంగతి ఒక కణం స్థాయిలో లెక్కలోకి వస్తోంది అక్కడ.

ఇదెలా అంటే మళ్ళీ కాల్షియమే. న్యూరాన్ ఫైర్ అయినప్పుడు ఆ విద్యుత్ తరంగం ముందుకి వెళ్ళడమే కాదు, వెనక్కి, అంటే తన కొమ్మల మీదున్న స్పైన్ల వైపు కూడా వెళ్తుంది. గ్లుటమేట్ ముందొచ్చి రిసెప్టర్‌ని పట్టుకుని ఉన్నప్పుడు, అది వదిలెయ్యక ముందే ఈ తరంగం వచ్చిందనుకోండి, మెగ్నీషియం ఎగిరిపోయి కాల్షియం ఒక్కసారిగా బాగా వస్తుంది. తరంగం ముందొచ్చి వెళ్ళిపోయాక గ్లుటమేట్ వచ్చిందనుకోండి, మెగ్నీషియం మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, వచ్చే కాల్షియం కొంచెమే. ఎక్కువ కాల్షియం ఒక్కసారిగా వస్తే ఒక రకం ఎంజైములు, కైనేజులు లేస్తాయి, సినాప్స్ బలపడుతుంది. కొంచెం కాల్షియం కాసేపు నిలిస్తే ఇంకో రకం ఎంజైములు, ఫాస్ఫటేజులు లేస్తాయి, బలహీనపడుతుంది. ఇలా ఉండొచ్చని 1989లో జాన్ లిస్మాన్ కాగితం మీద లెక్క కట్టి చెప్పాడు, తర్వాత ప్రయోగాలు చాలావరకు ఆ దారిలోనే నడిచాయి, అన్ని సినాప్సుల్లోనూ అచ్చం ఇలాగే అని కాదు గానీ పునాది మాత్రం ఇదే.

కైనేజుల్లో ముఖ్యమైనది కామ్‌కైనేజ్ టూ. పన్నెండు భాగాలు ఒక గుండ్రటి గుత్తిలా కలిసుంటాయి, కాల్షియం వచ్చినప్పుడు పక్కపక్క భాగాలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి, ఆ ఫాస్ఫేట్ ఉన్నంతసేపు కాల్షియం వెళ్ళిపోయినా ఎంజైము పని ఆపదు. సెకండు కూడా నిలవని కబురు తర్వాత కూడా మార్పు మిగలడానికి ఇది మొదటి మెట్టు. ఆ ఫాస్ఫేట్ తగిలే చోటు ప్రొటీన్‌లో 286వ అమైనో ఆమ్లం, దాన్ని ఒక్కదాన్ని మార్చిన చిట్టెలుకలు 1998లో ఆల్సినో సిల్వా ల్యాబ్‌లో నీళ్ళ తొట్టి పరీక్షలో చోటు నేర్చుకోలేకపోయాయి. కాల్షియం వాటికీ మామూలుగానే ఉంది.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకి వెళ్ళలేను. ఆ కైనేజ్ తగిలించే ఫాస్ఫేట్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది, కాల్షియంని బయటికి తోసే పంపులు నడిచేదీ ఏటీపీ మీదే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి 1925లో ఇచ్చిందీ, 1929లో ఏటీపీని కనుక్కున్నదీ ఆయనే (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు). ఆ ఫాస్ఫరస్ పద్ధతి ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఆయన పేరుతోనే చేయిస్తారు. మన పేపర్లు ఆయన గురించి జయంతికీ వర్ధంతికీ రాస్తాయి, ఇలాంటి సందర్భంలో రాస్తే పిల్లలకి ఆయన చేసిన పని ఎక్కడ ఉపయోగపడుతోందో తెలుస్తుంది కదండీ.

టైమింగ్ అంటే 20 మిల్లీసెకండ్లు మాత్రమే అనుకోకూడదు, ఏ పనికి ఎంత టైమ్ కావాలో మెదడులో ఆ చోటు అలా తయారై ఉంటుంది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న ప్రతివాళ్ళకీ తెలిసిన విషయం ఒకటి ఉంది, పవర్ మారాక మొదటి రెండు మూడు రోజులు తల తిప్పితే గది కాస్త ఊగినట్టు ఉంటుంది, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. తల ఒక వైపు తిరిగితే కళ్ళు అంతే వేగంతో రెండో వైపు తిరగాలి, లెన్స్ మారితే ఆ లెక్క మారుతుంది, కొత్త లెక్క నేర్చుకునేది వెనకున్న చిన్న మెదడు, సెరెబెల్లం. అక్కడ పర్కింజీ కణాలని ఉంటాయి, ఒక్కోదానికి లక్షకి పైగా సన్నటి నరాల నుంచి సినాప్సులు వస్తాయి, తప్పు జరిగిందని చెప్పే నరం మాత్రం పెద్దవాళ్ళలో మామూలుగా ఒక్కటే. బొమ్మ జారిందని కంటి నుంచి తప్పు కబురు అక్కడికి చేరేసరికి దాదాపు 120 మిల్లీసెకండ్లు ఆలస్యం అవుతుంది. మరి ఆ తప్పుకి కారణం 120 మిల్లీసెకండ్ల ముందు పనిచేసిన సినాప్స్ కదా, ఇప్పుడు పనిచేస్తున్నది కాదు కదా. 2016లో స్టాన్‌ఫర్డ్‌లో అపర్ణ సువ్రతన్, జెన్నిఫర్ రేమండ్ వాళ్ళు కంటి కదలికలు చూసుకునే భాగంలోని పర్కింజీ కణాలని పరీక్షిస్తే, సన్నటి నరానికీ తప్పు కబురు నరానికీ మధ్య సరిగ్గా 120 మిల్లీసెకండ్ల తేడా ఉన్నప్పుడే ఆ సినాప్సులు మారాయి, అంతకన్నా తక్కువైనా ఎక్కువైనా మారలేదు. ఈ పేపర్ వచ్చినప్పుడు చదివి ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ తేడాని సినాప్స్ ఎలా పట్టుకుంటుంది అన్నదాంట్లో కూడా కాల్షియం ఉంది, కాకపోతే ఈసారి కణం లోపలి అరల్లో దాచింది. 2000లో సామ్ వాంగ్, విన్‌ఫ్రీడ్ డెంక్, మైకేల్ హౌసర్ పర్కింజీ కణం స్పైన్లలో చూసింది ఏంటంటే, సన్నటి నరాలు ముందు పనిచేసి, 50 నుంచి 200 మిల్లీసెకండ్ల తర్వాత తప్పు కబురు వస్తే, రెండూ విడివిడిగా తెచ్చే కాల్షియం కూడితే వచ్చేదానికన్నా చాలా ఎక్కువ కాల్షియం ఆ అరల నుంచి బయటపడింది. ఇంకో విశేషం ఏంటంటే ఇక్కడ ఎక్కువ కాల్షియం వస్తే సినాప్స్ బలహీనపడుతుంది, హిప్పోకాంపస్‌లో జరిగేదానికి తిరగేసి. తప్పు చేయించినదాన్ని తగ్గించాలి కాబట్టి అదే సరైన పని. కాల్షియం ఎక్కువైతే నేర్చుకోవడం ఎక్కువ అని ఒక్క ముక్కలో రాయడం కుదరదని చెప్పడానికి ఇది ఒక్కటి చాలు.

దీని మీద ఎవరైనా ఒక ప్రశ్న వెయ్యొచ్చు, వెయ్యాలి కూడా, బయట ద్రవంలో కాల్షియం పెంచితే ఈ రూల్స్ ఏమన్నా మారతాయా అని. మారతాయి. పాత ప్రయోగాలు చాలావాటిలో మెదడు ముక్కని ఉంచిన ద్రవంలో కాల్షియం సహజంగా ఉండేదానికన్నా ఎక్కువ పెట్టేవాళ్ళు. 2020లో ఫ్రాన్స్ నుంచి డొమినిక్ డెబాన్, అమెరికా నుంచి నికొలా బ్రూనెల్ వాళ్ళు కలిసి చేసిన పనిలో కాల్షియంని సహజ స్థాయికి, 1.3 నుంచి 1.8 మిల్లీమోలార్‌కి దించితే రెండు కణాలూ ఒక్కోసారి ఫైర్ అయ్యే జతలతో వచ్చే ఆ అందమైన గ్రాఫ్ రాలేదు, సినాప్స్ బలపడాలంటే ఇవతలి కణం వరసగా ఎక్కువ సార్లు ఫైర్ అవ్వాల్సి వచ్చింది. దీన్ని చూసి అయితే కాల్షియం పెంచేద్దాం అనుకుంటే పొరపాటు. పళ్ళెంలో ఉన్న ముక్కకి పారాథైరాయిడ్ లేదు, మూత్రపిండాలు లేవు, రక్తం లేదు. బతికున్న మనిషిలో ఆ లెవెల్ బిళ్ళతో అలా పెరగదు, పైగా పెరిగితే బలపడకూడని సినాప్సులు కూడా బలపడతాయి, అది జ్ఞాపకశక్తి ఎలా అవుతుంది.

ఎలుకలకే కాదు, మనుషుల్లో కూడా ఈ టైమింగ్ సంగతి చూశారు. 2000లో జర్మనీలో జోసెఫ్ క్లాసెన్ గ్రూపు వాలంటీర్ల మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి, 25 మిల్లీసెకండ్ల తర్వాత తల మీద నుంచి అయస్కాంత తరంగంతో మోటార్ కార్టెక్స్‌ని, అంటే కదలికలు నడిపించే మెదడు భాగాన్ని, ఉత్తేజపరిచారు, అలా అరగంటలో 90 సార్లు. మణికట్టు నుంచి కబురు మెదడుకి చేరడానికి సుమారు 20 మిల్లీసెకండ్లు పడుతుంది, కాబట్టి 25 అంటే కబురు చేరాక తరంగం వచ్చినట్టు. అప్పుడు బొటనవేలు కండరం స్పందన పెరిగి ఆ తర్వాత కూడా నిలిచింది. తర్వాతి ప్రయోగాల్లో అదే 10 మిల్లీసెకండ్లు పెడితే తరంగం ముందు, కబురు వెనక అవుతుంది, అప్పుడు స్పందన తగ్గింది. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కి ఎన్‌ఎండీఏ రిసెప్టర్లని అడ్డుకునే గుణం ఉంది, దాన్ని పెద్ద డోసులో ఇస్తే ఈ మార్పు రాలేదు (దగ్గుకి వాడే మామూలు డోసు గురించి భయపడక్కర్లేదు, ప్రయోగంలో ఇచ్చింది చాలా ఎక్కువ). పక్షవాతం వచ్చినవాళ్ళకి ఫిజియోథెరపీలో ఇలాంటి జత ఉత్తేజాలు పనికొస్తాయేమో అని కూడా చూస్తున్నారు, మీ ఆరోగ్యం పేజీకి ఇది మంచి విషయం కదా.

బెంగళూరులోని పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఉపిందర్ భల్లా గారు న్యూయార్క్‌లోని రవి అయ్యంగార్‌తో కలిసి 1999లో ఈ ఎంజైములన్నిటినీ కంప్యూటర్‌లో కలిపి చూసి, కాసేపు ఉండే సంకేతం పోయాక కూడా ఎంజైముల వలయం తనంతట తాను నడుస్తూ ఉండగలదని చూపించారు. తర్వాత ఆయన ల్యాబ్‌లోనే చిట్టెలుకలకి ఒక శబ్దం వినిపించి, కాసేపు ఖాళీ ఇచ్చి, కంటి మీద గాలి ఊది, శబ్దం వింటూనే రెప్ప వెయ్యడం నేర్పించారు. నేర్చుకున్న ఎలుకల హిప్పోకాంపస్‌లో కణాలు ఆ మధ్య ఖాళీ అంతా ఒకదాని తర్వాత ఒకటి వరసగా వెలగడం, కాల్షియం వస్తే వెలిగే రంగులతో చూశారు, 2014లో వచ్చింది ఆ పేపర్. అదే ఏడాది టోక్యోలో హారువో కసాయ్ వాళ్ళు ఇంకొకటి చూపించారు, ఒక స్పైన్ పనిచేశాక 0.3 నుంచి 2 సెకండ్ల లోపు డోపమిన్ అనే మెదడు రసాయనం వస్తేనే ఆ స్పైన్ పెద్దదవుతుంది, ముందొచ్చినా ఆలస్యంగా వచ్చినా లాభం లేదు. ఇది మెదడు ముక్కల్లో చూసింది, దీన్ని పట్టుకుని పిల్లాడు జవాబు చెప్పిన రెండు సెకండ్లలో శభాష్ అనాలి అని సలహా రాసెయ్యకండి దయచేసి, ముక్కకీ క్లాస్‌రూముకీ మధ్య చాలా మెట్లున్నాయి.

కాల్షియం ఎక్కువైతే ఏమవుతుందో మా ఆస్పత్రుల్లో రోజూ కనిపిస్తుంది. పక్షవాతంలో మెదడుకి రక్తం ఆగితే ఏటీపీ అయిపోతుంది, పంపులు ఆగిపోతాయి, గ్లుటమేట్ పోగుపడుతుంది, కాల్షియం అడ్డూ అదుపూ లేకుండా లోపలికొచ్చి కణాలు చచ్చిపోతాయి. రక్తంలో కాల్షియం బాగా పెరిగినవాళ్ళు మత్తుగా, అయోమయంగా ఉంటారు, మలబద్ధకం, దాహం, కిడ్నీల్లో రాళ్ళు, వైటమిన్ డీ అవసరానికి మించి వేసుకున్నా ఈ పరిస్థితి రావచ్చు. రక్తంలో బాగా తగ్గిపోతే వేళ్ళు కొంకర్లు పోతాయి, ఫిట్స్ కూడా రావచ్చు, అప్పుడు కాల్షియం ఇవ్వాల్సిందే, అది వైద్యం.

పిల్లలకి కాల్షియం వద్దని నేను అనట్లేదు, అలా ఎవరైనా అర్థం చేసుకుంటే నాకు బాధేస్తుంది. టీనేజ్‌లో ఎముకలు పెరిగే వయసు, ఆడపిల్లలకి మరీ అవసరం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది, పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు ఉండనే ఉన్నాయి. రాగి సంకటి తినమని, పెరుగన్నం మానొద్దని రాయండి, ఎముకల కోసం అని రాయండి. తిండి సరిగ్గా లేని పిల్లలకి బిళ్ళ కావాలా వద్దా అన్నది డాక్టర్ చూసి చెప్తారు.

మా పక్కావిడకి ఇవన్నీ ఆ పొద్దున్న చెప్పలేదు, అమ్మాయికి రోజూ పాలు, పెరుగు ఇస్తున్నారా అని అడిగి, ఇస్తున్నాననగానే అయితే ఈ బిళ్ళ అక్కర్లేదని చెప్పాను. ఆవిడ నమ్మడానికి కాస్త ఇబ్బంది పడ్డారు, పేపర్లో వచ్చింది కదా మేడం అన్నారు. ఆ మాటే నన్ను ఈ ఉత్తరం రాయించింది. మీ పేపర్లో వచ్చిందంటే ఊళ్ళో జనం డాక్టర్ చెప్పినదానికన్నా ఎక్కువ నమ్ముతారు.

కాబట్టి మీకు మూడు విన్నపాలు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, ఆ పేరా తప్పని సవరణ వెయ్యండి, ఎక్కడో మూల చిన్న డబ్బాలో కాదు. రెండోది, పరీక్షల సీజన్‌లో జ్ఞాపకశక్తి పేరుతో వచ్చే బిళ్ళలు, లేహ్యాలు, పొడుల ప్రకటనలు వార్తల్లాగా వ్యాసాల్లాగా కనపడేటట్టు వేస్తున్నారు, వాటి పైన ప్రకటన అని స్పష్టంగా కనపడేలా రాయండి. మూడోది, మెదడు ఎలా నేర్చుకుంటుందో మన పిల్లలకి నిజంగా చెప్పాలనుకుంటే ఆ ఆరు అయాన్ల లెక్క, ఆ 20 మిల్లీసెకండ్ల గ్రాఫ్, ఆ కళ్ళజోడు సంగతి విద్య పేజీలో బొమ్మలతో వేద్దాం, ఇంటర్ పిల్లలకి అర్థమయ్యేలా నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు, అచ్చుకి వెళ్ళే ముందు ఒకసారి నాకు చూపిస్తే చాలు.

ఇట్లు,
ఫిజియాలజీ టీచర్,
కాకినాడ